ఒక్క గుంజ దూరం

రెండొందల టన్నుల ఇనప బార్జీని ఒంటిచేత్తో కదిలిస్తానని నేనంటే, కొత్తవాళ్ళు ముందు నా మొహం చూస్తారు. తర్వాత నా పొట్ట చూస్తారు. ఆ తర్వాత నవ్వుతారు. నాకు కావలసింది ఆ నవ్వే. ముప్పై ఏళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను. జీతం మాత్రం మోకులు కట్టినందుకు ఇస్తారు.

నా పని అది. కాలవ చివర మూడు వైపులా రాతిగోడ కట్టిన రేవు ఉంది. ఇసుక మోసే బార్జీలు అక్కడికొచ్చి ఆగుతాయి. వాటికి ఇంజను ఉండదు. ఒక చిన్న లాంచీ లాక్కొచ్చి వదిలేసి పోతుంది. వాటిని గట్టుకి కట్టడం, మళ్ళీ విప్పడం నా ఉద్యోగం. గట్టు పొడవునా పదేసి అంగలకి ఒక ఇనప గుంజ పాతి ఉంటుంది. మొత్తం పది గుంజలు. పదో గుంజ దాటాక అడ్డంగా చివరి గోడ. అక్కడితో రేవు అయిపోయింది.

ఒంటిచేతి విద్యలో రహస్యం ఏమీ లేదు. బార్జీని గుద్దితే కదలదు. ఊపుగా ఒక్క లాగు లాగినా కదలదు. చెయ్యి ఆనించి, ఆవలిస్తూ, అలా ఆనుకునే ఉండాలి. మొదటి నిమిషం ఏమీ ఉండదు. రెండో నిమిషంలో గట్టుకీ దానికీ మధ్య వేలు పట్టేంత సందు వస్తుంది. నీళ్ళలో ఉన్నదానికి అడ్డం పడేవాడు ఎవడున్నాడు, మనం ఎంత చిన్నగా తోసినా అదంతా దాని ఒంట్లో చేరుతుంది. ఇక్కడిదాకా నాకు బాగా తెలుసు. ఆపడం గురించి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. మోకు గుంజకి రెండు చుట్లు చుడితే అదే మూలుగుతూ ఆగేది. నేను ఏడో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, రెండోసారి ఇష్టపడి చదివాను. ఆ రెండేళ్ళలోనూ ఆగడం గురించిన పాఠం వచ్చిన రోజు నేను బడికి వెళ్ళలేదనుకుంటాను.

ఇక మా బావ. మా అక్క మొగుడు. పడవలు కట్టే వడ్రంగి. నేను పుట్టిందే ఆయన సహనం పరీక్షించడానికని మా అక్క అంటుంది. ఆయన ఉలి పిడికి నేను కొవ్వు రాశాను, కొలబద్దలో ఒక అంగుళం కోసి అతికించాను, పెళ్ళిచూపుల నాడే ఆయన చెప్పుల్లో ఒకటి దాచాను. ఆయన ప్రతిసారీ ఒకటే మాట అంటాడు, "అయిందా?" అని. తిట్టడు. అందుకే నాకు మానాలనిపించదు.

ఆ బావ ఆరేళ్ళుగా ఒక పడవ కట్టాడు. ఎవరికోసమో కాదు, తనకోసం. దాని వెనక భాగంలో అడుగు నుంచి పైకి లేచే వంపు దూలం ఒకటుంది. ఆ వంపు కోసి తెచ్చింది కాదు, చెట్టే అలా పెరిగింది. అలాంటి కొమ్మ కోసం రెండేళ్ళు కట్టె అడితులన్నీ తిరిగాడు. దొరికిన రోజు ఇంటికి తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నాడు. "నన్ను తీసుకొచ్చిన రోజు కూడా ఇంత చూసుకోలేదు" అని మా అక్క నెల రోజులు దెప్పింది. పడవ పూర్తవుతుండగా ఆయన చేతులు వణకడం మొదలైంది. ఇప్పుడు టీ గ్లాసు అందుకుంటే సగం సాసర్లోకి పోతుంది. ఉలి పట్టడం ఇక కుదరదని డాక్టరు చెప్పకముందే ఆయనే చెప్పేశాడు. అది ఆయన ఆఖరి పడవ.

కొత్త చెక్క పడవని నీళ్ళలోకి దింపగానే ఎక్కి తిరగరు. మూడు రోజులు నీళ్ళు తాగనిస్తారు. నిండా నీళ్ళతో, అంచు మాత్రం పైకి కనిపించేలా మునిగి ఉంటుంది. పలకలు ఉబ్బి సందులన్నీ వాటంతట అవే బిగుసుకుంటాయి. ఆ తర్వాత తోడేస్తే ఇక చుక్క దిగదు. బావ పడవ ఆ చివరి గోడ పొడవునా అలా నీళ్ళు తాగుతూ పడుకుని ఉంది. అది మూడో రోజు. మర్నాడు పొద్దున్నే తోడి, బయటికి తీయాలి.

నేను ఊరుకుంటానా. ఆ పొద్దున బావ రాకముందే ఖాళీ బార్జీ నుంచి లంగరు గొలుసు ఊడదీశాను. దాన్ని నీళ్ళ కిందుగా బావ పడవ వెనక రింగులోంచి తీసి, గోడలో ఉన్న కొక్కేనికి చుట్టి, తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో. మర్నాడు బావ మోకులు విప్పి లాగుతాడు, పడవ రాదు, బుర్ర గోక్కుంటాడు, నేను పక్కన నిలబడి సలహాలిస్తాను. అదీ పథకం.

మధ్యాహ్నం మేనకోడలు వచ్చింది. బావ కూతురే, బళ్ళో సైన్సు చెప్తుంది. వెంట వాళ్ళ బడి డ్రిల్లు మాస్టారుని తీసుకొచ్చింది. పడవ చూపించడానికన్నది. నేను పడవకన్నా వాళ్ళిద్దరినే ఎక్కువ చూశాను. మాస్టారి చేతులు చూస్తే ఒక్కోటి నా తొడంత.

"మాస్టారూ, తమరు రోజూ ఏం తోస్తారు?" అన్నాను.

"తోయనండి, ఎత్తుతాను."

"అయితే ఈ ఖాళీ బార్జీని కాస్త జరపండి. నా చెప్పు దాని కింద పడిపోయింది." రెండు చెప్పులూ నా కాళ్ళకే ఉన్నాయి.

"మామయ్యా, మొదలెట్టకు" అంది కోడలు.

మాస్టారు చొక్కా చేతులు మడిచాడు. గట్టు మీద కూర్చుని రెండు కాళ్ళతో తన్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. బార్జీ ఆయన్ని పట్టించుకోలేదు. అప్పుడు నేను వెళ్ళి ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో చెవి గోక్కుంటూ నిలబడ్డాను. కాసేపటికి సందు వచ్చింది. మాస్టారు ఆ సందులోకి వంగి చూశాడు, నేనేదో మోసం చేశానన్నట్టు.

"మోసం కాదండి. బలం తక్కువైనా పరవాలేదు, ఎంతసేపు తోశామన్నది కూడా లెక్కే. మీరు గట్టిగా తన్నారు, కానీ రెప్పపాటు తన్నారు" అని కోడలు చెప్పింది.

అది విన్నాక మాస్టారికి పౌరుషం వచ్చింది. బార్జీని కట్టిన ఒకే ఒక్క మోకు గుంజ నుంచి విప్పి భుజాన వేసుకుని ఎద్దులా ముందుకి వాలి, గట్టు వెంబడి లాగడం మొదలెట్టాడు. నేను బార్జీ ఎక్కి ముందువైపు మహారాజులా నిలబడ్డాను. గోడకి రాసుకోకుండా గెడతో దాని ముక్కుని కాస్త బయటికి నెట్టాను. గట్టుకీ బార్జీకీ మధ్య నాలుగు బారల నీళ్ళు. మొదటి గుంజ దాటింది. మాస్టారు చెమటలు కక్కుతున్నాడు, కానీ మొహం వెలిగిపోతోంది. కోడలు చప్పట్లు కొడుతోంది.

రెండో గుంజ దగ్గర, ఆ మెడ మీద చెమట చూసి నాకు చెయ్యి దురద పుట్టింది. మోకు చివరి ఉచ్చు నా పక్కనే బార్జీ గుంజకి వేసి ఉంది. మెల్లిగా పైకెత్తి వదిలేశాను.

మాస్టారు బోర్లా పడ్డాడు. రెండు చేతులూ, మోకాళ్ళూ, చివరికి గడ్డం. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దూరంగా చివరి గోడ మీద కూర్చుని, పడవ లోపల పరిచే విడి పలకలకి నూనె రాస్తున్న బావ తలెత్తి, "అయిందా?" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులోనే మూడో గుంజ మెల్లిగా నా పక్కనుంచి వెళ్ళిపోయింది.

గుంజ ఎందుకు వెళ్తోందా అనుకున్నాను. తర్వాత అర్థమైంది, వెళ్తోంది నేను. మోకు గట్టు మీద ఉంది. నేను బార్జీ మీద ఉన్నాను. మా మధ్య ఇక ఏమీ లేదు.

"మాస్టారూ, లేచి ఆ మోకు ఇటు విసరండి" అన్నాను.

మణికట్టంత లావు మోకు, సగం తడిసింది. మొదటిసారి రెండు బారల దూరంలో పడింది. దాన్ని లాక్కుని చుట్ట చుట్టి మళ్ళీ విసిరాడు. ఈసారి నా చేతికి జానెడు దూరంలో నీళ్ళలోకి జారింది. మూడోసారి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు, కానీ రెండో చివర పట్టుకోవడం మర్చిపోయాడు. మోకు మొత్తం ఎగిరి నీళ్ళలో పడి, మునిగింది.

"ఈత వచ్చా?" అన్నాను.

"రాదండి."

"మరి ఏం డ్రిల్లయ్యా నీది." ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద బతికిన నాకూ రాదు, అది వేరే సంగతి.

గెడ దింపి చూశాను. అడుగు తగల్లేదు. లంగరు గుర్తొచ్చి పరిగెత్తాను. లంగరు ఉంది. దాని గొలుసు లేదు. గొలుసు ఎక్కడుందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. వెనక్కొచ్చి ముందున్న ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి వెనక్కి లాగాను.

"మామయ్యా, దాని మీదే నిలబడి దాన్నే లాగితే ఎలా ఆగుతుంది?"

"మరి ఎక్కడ నిలబడి లాగాలే?"

"బయట."

"బయటికొస్తే నా చేతిలో ఏముంటుందే లాగడానికి?"

కోడలు ఫోను తీసి, గట్టు మీద నాతోపాటు నడుస్తూ గుంజల్ని చూస్తోంది. పరిగెత్తడం లేదు, మామూలుగా నడవడం కూడా కాదు, సంతలో ముసలమ్మ పక్కన నడిచినట్టు ఆగి ఆగి నడుస్తోంది. అంతే వేగం. పాకే పిల్లాడు కూడా మమ్మల్ని దాటిపోతాడు.

"గుంజకి నలభై సెకన్లు. ఇందాక నలభై, ఇప్పుడూ నలభై" అంది.

"తగ్గట్లేదా?"

"ముక్కుసూటిగా పోతోంది కదా, నీళ్ళు పెద్దగా అడ్డుకోవు. తగ్గదు. పెరగదు కూడా."

పెరగదంటే సంతోషించాలో ఏం చేయాలో తెలియలేదు. దూసుకొచ్చే ఆపద అయితే కళ్ళు మూసుకోవచ్చు. ఇది అలా కాదు. తాపీగా వస్తుంది, మనిషికి అన్నీ ఆలోచించుకునే తీరిక ఇస్తుంది, ఒక్కటి చేసే వీలు మాత్రం ఇవ్వదు. ఎదురుగా చివరి గోడ. గోడకి ఆనుకుని బావ పడవ. బార్జీ ముక్కు తిన్నగా దాని నడుం వైపు చూస్తోంది.

బావ అప్పటికే లేచాడు. కంగారు పడలేదు. నూనె గుడ్డ పక్కన పెట్టి, "పడవని ఎడమ మూలకి లాగేస్తే సరి. బార్జీ గోడకి కొట్టుకుంటుంది, గోడకేమవుతుంది" అన్నాడు. పడవ మోకులు విప్పాడు. ముందువైపు మోకు పట్టుకుని గోడ మీదుగా ఎడమవైపు లాగాడు. పడవ మూరెడు జరిగింది. ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆగింది.

"నీళ్ళ బరువు" అన్నాడు తనలో తను. "నిండా ఉంది కదా."

అప్పుడు ఐదో గుంజ నా పక్కన ఉంది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. గట్టు మీద కోడలు, గడ్డం గీరుకుపోయిన మాస్టారు, గోడ మీద బావ. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. చెప్పాల్సింది నాలుగు మాటలు. బావా, తాళం వేసింది నేను. జీవితమంతా వాగిన నోరు ఆ నాలుగు మాటలకి రాలేదు. ఇంకొక్కసారి లాగుతాడేమో, కొక్కెం ఊడి వస్తుందేమో, ఏదో ఒకటి అవుతుందేమో అని చూశాను. బావ రెండు చేతులకీ మోకు చుట్టుకుని లాగాడు. చేతులు వణుకుతున్నాయి. ఆరో గుంజ వచ్చింది.

"బావా, అది నీళ్ళ బరువు కాదు. వెనక రింగుకి గొలుసు వేసి తాళం పెట్టాను" అన్నాను.

బావ "అయిందా?" అని కూడా అనలేదు. "చెవి?" అన్నాడు.

"నా జేబులో."

"విసురు."

"ఆగు మామయ్యా, చెవి ఒక్కటే విసరకు. నలభై అంగల దూరం ఉంది. నీళ్ళలో పడితే అంతే" అంది కోడలు. ఆమె గొంతు బళ్ళో పాఠం చెప్పినట్టే ఉంది. "తేలేదానికి దేనికైనా కట్టి, ఏడో గుంజలోగా విసురు. అది దాటితే నాన్నకి టైం చాలదు."

దగ్గరయ్యేకొద్దీ గురి కుదురుతుంది, దగ్గరయ్యేకొద్దీ సమయం పోతుంది. నలభై సెకన్లు నేను ఏం చేశానంటే, కాలి చెప్పు విప్పి, చెవిని దాని పట్టీకి చేతిరుమాలుతో ముడేశాను. చెప్పు రబ్బరుది, గురి తప్పినా తేలుతుంది. కోడలు మాస్టారి చెయ్యి పట్టుకుని మూల తిరిగి చివరి గోడ వైపు పరిగెత్తింది. ఏడో గుంజ నా మోచేతి పక్కకొచ్చింది.

బావ మీదికి చెప్పు విసిరాను. ముప్పై ఏళ్ళలో నేను చేయని పని అదొక్కటే మిగిలింది.

గోడకి తగిలి, పడవలో నిలిచిన నీళ్ళలో పడింది. తేలింది. బావ పడవలోకి దిగాడు. నడుం లోతు నీళ్ళు. చెప్పు అందుకుని, పళ్ళతో ముడి విప్పి, వెనక చివర వంపు దూలం మీదికి బోర్లా వాలి, చెయ్యి కిందికి పెట్టాడు. తాళం కనిపించదు, తడుముకుంటూ చెవి దూర్చాలి. వణికే చేతితో. ఇంట్లో తలుపు తాళం తీయడానికే ఈ మధ్య మా అక్కని పిలుస్తున్నాడు.

"నాన్నా, మాస్టారుని దిగమను."

"వద్దు, దొరికింది" అన్నాడు బావ. కాసేపయ్యాక, "జారింది" అన్నాడు. మళ్ళీ, "దొరికింది."

ఎనిమిదో గుంజ వచ్చింది. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నాలోంచి ఏదో ఒకటి ముందుకెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలని ఉంది. నా కింద రెండొందల టన్నుల ఇనుము నిశ్శబ్దంగా, ఎవరి మీదా కోపం లేకుండా, తన పని తను చేసుకుపోతోంది. కాళ్ళ కింద చిన్న అదురు కూడా లేదు. కళ్ళు మూసుకుంటే కదలట్లేదనే అనుకుంటాం.

"వచ్చింది" అన్నాడు బావ. గొలుసు గలగలా కిందికి జారిన చప్పుడు విన్నాను. "లాగండి."

తొమ్మిదో గుంజ. కోడలు, మాస్టారు గోడ మీద మోకు పట్టి లాగుతున్నారు. పడవ కదలదు. నాకు తెలుసు, మొదట్లో కదలదు. నిండా నీళ్ళున్న పడవ, నా బార్జీకి చిన్న చెల్లెలు లాంటిది.

"ఊపులొద్దు మాస్టారూ, ఆనుకుని లాగండి. ఆపకుండా" అని అరిచాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

ఆయన విన్నాడు. ఊపులు మానేసి ఒంటినంతా వాల్చాడు. పడవ వేలెడు జరిగింది. జానెడు. మూరెడు. బావ అందులోనే ఉన్నాడు, వెనక చివర, దూలం పక్కన, బార్జీకి ఎదురుగా. రెండు చేతులూ చాచి బార్జీ ముక్కుని పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"బావా, పైకెక్కు."

"లాగనీ."

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, పైకెక్కు."

ఆయన కదల్లేదు. కోడలు మోకు వదిలేసి వచ్చి తండ్రి భుజాల కింద చేతులు వేసి పైకి గుంజింది. ఆ మనిషి పైకి లేచాడు, చేతులు మాత్రం దూలాన్ని వదల్లేదు, చివరికి అవీ వదిలాయి. పడవ జరుగుతూనే ఉంది. నడుం తప్పుకుంది. వెనక పలకలు తప్పుకున్నాయి. ఇంకో రెండు మూరలు జరిగితే చాలు.

బార్జీ ముక్కు వంపు దూలం మీద ఆనింది. కొట్టలేదు, ఆనింది. దూలానికీ గోడకీ మధ్య సందు తగ్గింది. చెట్టు నేర్పిన వంపు కాసేపు ఓర్చుకుంది. ఇంకా వంగింది. వేళ్ళు విరుచుకుంటే వచ్చేంత చప్పుడు వచ్చింది. అంతే. దూలం నిలువునా చీలింది, ఆ చీలికలోంచి ఎర్రటి లోపలి చెక్క కనిపించింది.

బార్జీ గోడకి తగిలి ఆగింది. అప్పుడు మాత్రం నా కాళ్ళు ఒక అడుగు ముందుకి తూలాయి. మిగతా పడవ మాస్టారి మోకు వెంట ఎడమ మూలకి పోయి, అక్కడ మెత్తగా ఆగింది.

బావ గోడ అంచున కూర్చున్నాడు. చీలిన దూలం ముక్క ఒకటి నీళ్ళ మీద తేలుతూ వస్తే అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలితో చీలిక పొడవునా రాశాడు. కొలుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, చెయ్యి వణుకుతోంది.

"ఎంత తక్కువైందే?" అని అడిగాను కోడల్ని.

"వదిలెయ్ మామయ్యా."

"చెప్పు."

ఆమె ఫోను వంక చూసింది. "పదిహేను సెకన్లు. పది కూడా అయ్యుండొచ్చు."

ఐదో గుంజ నుంచి ఆరో గుంజకి నలభై. ఆ లెక్క చేయడానికి నా చదువు చాలు. ఆమెకీ తెలుసు, నేను ఆ నలభై ఎక్కడ మింగానో.

గోడకి తగిలిన బార్జీ అక్కడే ఉంటుందనుకున్నాను. ఉండలేదు. గోడ దాన్ని కాస్త వెనక్కి నెట్టినట్టుంది. వచ్చినదానికన్నా ఎంతో నెమ్మదిగా, నన్ను మోసుకుంటూ వెనక్కి బయల్దేరింది. నాకూ బావకీ మధ్య జానెడు నీళ్ళు, తర్వాత బారెడు. దూకుదామంటే దూకి ఏం చేయాలో తెలియలేదు.

బావ పక్కన నా చెప్పు ఉంది. చూసుకుని, దాన్ని గోడ అంచున జాగ్రత్తగా పెట్టాడు, రుమాలు మడిచి దాని మీద పెట్టాడు.

"ఒక్క చెప్పుతో ఇంటికెలా వెళ్తావురా" అన్నాడు.

నేను చెయ్యి చాచాను. అప్పటికే అందదు.